ఇంటి దిగులుతో కామినో నడక: బయల్దేరే ముందు చేసుకోవలసినవి

స్పెయిన్ వాయవ్య మూలన శాంటియాగో దె కంపోస్తెలా అనే నగరం ఉంది. అక్కడి కెథడ్రల్‌లో క్రీస్తు శిష్యుడు సెయింట్ జేమ్స్ సమాధి ఉందన్న నమ్మకంతో వెయ్యేళ్లకు పైగా యాత్రికులు నడిచి వెళ్తున్న దారులన్నిటికీ కలిపి కామినో అని పేరు. ఎక్కువమంది ఎంచుకునేది ఫ్రెంచి దారి. ఫ్రాన్సులో పిరనీస్ కొండల అడుగున ఉన్న సెయింట్ జాన్ పియె ద పోర్ నుంచి సుమారు 780 కిలోమీటర్లు, రోజుకు 22–25 కిలోమీటర్ల చొప్పున 32 నుంచి 35 రోజులు పడుతుంది.

ఇంట్లో వయసు మళ్లిన అమ్మానాన్నలు, చికిత్స నడుస్తున్న మనిషి, చిన్నపిల్లలు ఉన్నవాళ్లకు నెలకు పైగా దూరంగా ఉండటం పెద్ద మాట. కొందరు ఇల్లు కుదుటపడ్డాక వెళ్దామని ఏళ్ల తరబడి ఆగిపోతారు. మరికొందరు దిగులును వెంటేసుకుని వెళ్లి, త్వరగా ముగించాలన్న ఆత్రంలో మొదటి వారంలోనే కాళ్లు పాడుచేసుకుంటారు. ఏ రోజు కావాలంటే ఆ రోజు ఆగి ఇంటికి తిరిగి వెళ్లగలిగేలా మొత్తం ప్రయాణాన్ని అమర్చుకుంటే ఈ రెండు అవస్థలూ తప్పుతాయి. కామినో అందుకు బాగా వీలున్న దారి. ముక్కలుగా నడవడం అక్కడ మామూలు సంగతి. ఏటా సెలవుల్లో వారం పది రోజులు నడిచి, నాలుగైదేళ్లలో పూర్తిచేసే యూరప్ వాళ్లు చాలామందే ఉంటారు.

ఎంత దూరం అన్నది ఇల్లు చెప్పాలి

ముందు మ్యాపు తెరవకండి. మీరు లేకుండా ఇల్లు ఎన్ని రోజులు నడవగలదో లెక్క వేయండి. అందులోంచి రానూపోనూ ప్రయాణానికి నాలుగు రోజులు, అనుకోని వాటికి మూడు రోజులు తీసేయండి. మిగిలిందే మీ నడక.

వారం మిగిలితే సారియా నుంచి నడవండి. అక్కడి నుంచి శాంటియాగోకు సుమారు 115 కిలోమీటర్లు, ఐదారు రోజులు. యాత్ర పూర్తిచేసినట్టు ఇచ్చే కంపోస్తెలా పత్రానికి కాలినడకన కనీసం 100 కిలోమీటర్లు కావాలి కాబట్టి ఇది సరిపోతుంది. అందుకే అక్కడ రద్దీ కూడా ఎక్కువ. పది రోజులుంటే పోన్ఫెర్రాదా నుంచి సుమారు 205 కిలోమీటర్లు; ఓ సెబ్రెయిరో కొండ ఎక్కడమూ ఇందులోకే వస్తుంది. రెండు వారాలుంటే లెయోన్ నుంచి 310 కిలోమీటర్ల పైచిలుకు. ఇంట్లో పరిస్థితి ఎటూ తేలనప్పుడు మేం మొదట చెప్పేది పోన్ఫెర్రాదా. ఊరికి రైలుంది, కొండలున్నాయి, చివర శాంటియాగో ఉంది. పోర్చుగీసు దారిలో సరిహద్దు ఊరు తూయి నుంచి కూడా సుమారు 120 కిలోమీటర్లే, ఎక్కడం దిగడం తక్కువ.

కొన్ని పరిస్థితుల్లో తేదీ మార్చుకోవడమే మేలు. ఇంట్లో ఒకరికి శస్త్రచికిత్స తేదీ ఖరారు కాకుండా ఉన్నా, కొత్త మందు మొదలుపెట్టి నెల కాకపోయినా, చూసుకోవడానికి ఒకే ఒక్క మనిషి ఉండి ఆ మనిషికి బదులు ఇంకెవరూ లేకపోయినా టికెట్ కొనకండి.

కాలం విషయానికొస్తే మే, జూన్, సెప్టెంబరు మంచివి. జులై, ఆగస్టుల్లో మెసేతా పీఠభూమి మీద నీడ ఉండదు, మధ్యాహ్నానికి నడవలేరు. నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు సెయింట్ జాన్ పైనున్న నెపోలియన్ కొండదారి మూసేస్తారు, లోయలోని వాల్కార్లోస్ మీదుగా వెళ్లాలి. చలికాలంలో ఆల్బెర్గేలు, అంటే యాత్రికుల సత్రాలు, చాలావరకు మూతబడతాయి. సెయింట్ జేమ్స్ పండుగ జులై 25 ఆదివారం పడిన ఏడాదిని పవిత్ర సంవత్సరం అంటారు. తర్వాతిది 2027. ఆ ఏడు వెళ్లేవాళ్లు మంచాల కోసం చాలా ముందుగా చూసుకోవాలి.

ఇంటి కాగితం

దిగులుకు మందు ధైర్యం చెప్పుకోవడం కాదు, రాసిపెట్టుకోవడం. ఒకే కాగితం, రెండు వైపులా, చేతిరాతైనా ఫరవాలేదు. ఒక వైపు రోజువారీ సంగతులు: ఎవరికి ఏ మందు, ఎంత మోతాదు, ఏ వేళకు, ఎక్కడ దొరుకుతుంది, డాక్టరు పేరు, ఫోను, రక్తపు గ్రూపు, పడని మందులు, ఆరోగ్య బీమా కార్డు ఎక్కడుంది, తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి, నీళ్లు, కరెంటు, గ్యాస్ ఆగిపోతే ఎవరికి చెప్పాలి. మందులు మీ నడక రోజులకు ఇంకో పదిహేను రోజులు కలిపి ముందే కొనిపెట్టండి. కట్టవలసిన బిల్లులు బ్యాంకు నుంచి తమంతట తామే పోయేలా చేయండి. ఆస్పత్రిలో డబ్బు కట్టవలసి వస్తే చూసుకునేవాళ్ల చేతికి అందేలా కొంత మొత్తం వేరే ఖాతాలో ఉంచండి. మీ సంతకం లేకుండా జరగని పనులుంటే పవర్ ఆఫ్ అటార్నీ రాయించండి. దానికి సమయం పడుతుంది, చివరి వారానికి వదలొద్దు.

రెండో వైపు చాలామంది రాయనిది: మీరు ఎప్పుడు తిరిగి వస్తారు. దీన్ని మూడు మెట్లుగా రాయండి. మొదటి మెట్టు, జ్వరం, చిన్న దెబ్బ, పనిమనిషి రాకపోవడం వంటివి. ఇంట్లోవాళ్లే చూసుకుంటారు, మీకు సాయంత్రం చెబితే చాలు. రెండోది, ఆస్పత్రిలో చేర్చడం. వెంటనే ఫోను చేస్తారు, మీరు రైలున్న ఊరికి చేరి 24 గంటలు ఆగుతారు. మూడోది, ఐసీయూ, శస్త్రచికిత్స, డాక్టరే రమ్మని చెప్పడం; మీరు బయల్దేరిపోతారు, ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. ఇలా ముందే తేల్చుకోకపోతే ఏమవుతుందంటే, ఇంట్లోవాళ్లు మీ నడక చెడగొట్టకూడదని నిజం దాస్తారు. దాస్తున్నారేమోనని మీరు ప్రతి మాటలోనూ వెతుకుతారు. కబురు రాకపోవడం కంటే ఆ అనుమానమే మనిషిని ఎక్కువ అలసట పెడుతుంది. అందుకే రెండో మెట్టు, మూడో మెట్టు సంగతులు దాచబోమని ఇంట్లో అందరి చేతా ఎదురుగా అనిపించండి, జబ్బుమనిషి చేత కూడా. చూసుకునే బాధ్యత ఒకరికి, వాళ్లకు వీలు కానప్పుడు రావలసింది ఇంకొకరికి, పేర్లతో సహా రాయండి.

బయల్దేరడానికి నెల ముందు దీన్ని పరీక్షించాలి. మూడు రోజులు ఇంటికి దూరంగా ఉండండి. రోజుకు ఒక్క ఫోను. ఆ మూడు రోజుల్లో మీకు వచ్చిన ప్రతి ప్రశ్నా కాగితంలో లేని సంగతే అయి ఉంటుంది. వచ్చాక దాన్ని కలపండి. ఇదే మూడు రోజుల్లో పూర్తి బరువుతో నడక సాధన కూడా పెట్టుకుంటే ఒకే సెలవుతో రెండు పనులూ అవుతాయి.

టికెట్, వీసా, బీమా

తిరుగు టికెట్ తేదీ మార్చుకునే వీలున్నది తీసుకోండి. మార్పు రుసుము ఎంత, ఫోను మీద మారుస్తారా, యాప్‌లోనా అన్నది కొనేముందే చూసుకోండి. చౌక అని మార్చరాని టికెట్ తీసుకుంటే, ఇంటి కబురు వచ్చిన రోజున కొత్త టికెట్‌కు అంతకు మించి పెట్టవలసి వస్తుంది.

షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) అవసరమైన పాస్‌పోర్టు వాళ్లు స్పెయిన్‌కు దరఖాస్తు చేయాలి. అడుగుపెట్టేది ఫ్రాన్సులోనైనా ఎక్కువ రోజులు ఉండేది స్పెయిన్‌లో కాబట్టి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, 15 రోజుల ముందు దాకా ఇవ్వవచ్చు; ఎంత ముందైతే అంత మంచిది. నడకకు 34 రోజులు పడుతుంటే 34కే అడగకుండా విశ్రాంతి రోజులు, ప్రయాణ రోజులు కలిపి అడగండి. 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదన్నది మొత్తం హద్దు. ఒకే ప్రవేశం ఇచ్చే వీసాతో మధ్యలో ఇంటికి వెళ్తే మళ్లీ రాలేరు, కాబట్టి కారణం రాసి బహుళ ప్రవేశం కోరండి. ఇవ్వాలన్న నియమం లేదు, అడగకపోతే మాత్రం అసలు రాదు.

వీసాకు 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అది మీ ఒంటికి మాత్రమే. ఇంట్లోవాళ్ల జబ్బు వల్ల ప్రయాణం మధ్యలో ఆపేస్తే ఖర్చు ఇచ్చే అంశం వేరే ఉంటుంది. అందులో దగ్గరి బంధువులంటే ఎవరెవరు, ముందు నుంచీ ఉన్న జబ్బులను వదిలేశారా అన్న రెండు వాక్యాలు వెతికి చదవండి. ఇప్పటికే చికిత్సలో ఉన్న తండ్రి ఆస్పత్రి పాలైతే చాలా పాలసీలు పైసా ఇవ్వవు. ఆ సంగతి తెలిసి వెళ్లడం వేరు, అక్కడ తెలుసుకోవడం వేరు.

ఫోనులో మీ పాత సిమ్ తీసేయకండి; బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. అంతర్జాతీయ రోమింగ్ ముందే తెరిపించి, డేటాకు ఈ-సిమ్ గానీ స్పెయిన్ సిమ్ గానీ పక్కన వేసుకోండి.

కాళ్లు

ఇంటి బాధ్యతలున్నవాళ్లకు గంటల తరబడి సాధనకు తీరిక దొరకదు. 12 నుంచి 16 వారాల గడువు పెట్టుకుంటే చాలు. వారంలో నాలుగు రోజులు ముప్పావు గంట నడక, వారానికొక్కసారి దూరపు నడక. దూరపు నడక 6 కిలోమీటర్లతో మొదలుపెట్టి వారం వారం కొద్దికొద్దిగా పెంచండి, మూడు వారాలకొకసారి కాస్త తగ్గించండి. ఇంటికి దూరం వెళ్లలేకపోతే రెండు కిలోమీటర్ల చుట్టు ఎంచుకుని అదే తిరగండి. ఆరో వారం నుంచి వీపు మీద మూడు కిలోలు, పదో వారానికి పూర్తి బరువు. వారానికి రెండుసార్లు మెట్లు ఎక్కి దిగండి. దిగడమే ముఖ్యం, తొడ ముందు కండరం దానివల్లే గట్టిపడుతుంది. మోకాళ్లను విరిచేవి ఎక్కుడు దారులు కావు: సుబిరి ఊళ్లోకి దిగే రాతి దారి, ఆల్తో దెల్ పెర్దోన్ కొండ అవతలి గులకరాళ్ల వాలు, క్రుస్ దె ఫెర్రో నుంచి మోలినసేకాకు దాదాపు 900 మీటర్ల దిగుడు. చివరి నెలలో వరసగా రెండు రోజులు 18–20 కిలోమీటర్లు నడవగలిగితే మీరు సిద్ధం. మొదటి రోజు ఎలా నడిచారన్నది కాదు, రెండో రోజు పొద్దున మంచం దిగినప్పుడు మడమ ఎలా ఉందన్నది చూడండి.

బూట్లు సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, నడకకు వాడే సాక్సులతోనే కొనండి. బొటనవేలి ముందు వేలి వెడల్పు ఖాళీ ఉండాలి. మామూలు కొలత కన్నా అర నుంచి ఒక సైజు ఎక్కువ వస్తుంది. వారాల తరబడి నడిస్తే పాదం వెడల్పవుతుంది, బిగుతు బూటులో గోళ్లు నల్లబడి ఊడతాయి. వసంతం నుంచి శరత్తు దాకా తేలికైన ట్రెయిల్ బూట్లు చాలు, తడిసినా త్వరగా ఆరతాయి. వెళ్లేముందు అవే బూట్లతో కనీసం 80–100 కిలోమీటర్లు నడిచి ఉండాలి.

బొబ్బ రావడానికి మూడు కావాలి: వేడి, తడి, రాపిడి. పొద్దున పాదాలకు వాజలిన్ పట్టించి, ఊలు కలిసిన సాక్సులు వేసుకోండి. రెండు గంటలకొకసారి బూట్లు విప్పి పాదాలు ఆరనివ్వండి, సాక్సులు మార్చండి. ఎక్కడైనా మంటగా అనిపిస్తే ఊరు వచ్చాక చూద్దామనుకోకుండా అక్కడే ఆగి టేపు వేయండి. ఐదు నిమిషాలు ఆగనందుకు ఐదు రోజులు కుంటినవాళ్లు ప్రతి ఆల్బెర్గేలోనూ కనిపిస్తారు. కాంపీడ్ లాంటి జెల్ పట్టీ చర్మం చెదరక ముందు వేయాలి. పగిలిన బొబ్బ మీద వేస్తే పీకేటప్పుడు చర్మం దానితోపాటు వస్తుంది.

సంచి

నీళ్లు, తిండి కాకుండా మీ బరువులో పదో వంతుకు మించొద్దు. 35–40 లీటర్ల సంచి, నడుము పట్టీ తప్పనిసరి. బరువు భుజాల మీద కాదు, తుంటి ఎముకల మీద కూర్చోవాలి. ఒంటి మీద ఒక జత, సంచిలో ఒక జత బట్టలు, మూడు జతల సాక్సులు, ఒక ఫ్లీస్ (తేలికైన వెచ్చని పైచొక్కా), వానకోటు, టోపీ, సాయంత్రానికి చెప్పులు, పలుచటి తువ్వాలు, చెవుల్లో పెట్టుకునే బిరడాలు, తలకు కట్టుకునే లైటు, పది పిన్నీసులు (తడి సాక్సులు సంచికి తగిలించి ఆరబెట్టడానికి). ఎండాకాలమైతే పట్టు లైనర్ (లోపల దూరి పడుకునే పలుచటి సంచి) చాలు. వసంతంలో, శరత్తులో 600–700 గ్రాముల స్లీపింగ్ బ్యాగు కావాలి, దుప్పట్లు ప్రతిచోటా ఇవ్వరు. చేతికర్రలు విమానం క్యాబిన్‌లో ఒప్పుకోకపోవచ్చు, సెయింట్ జాన్‌లో కొనుక్కోవచ్చు. ఇంటి కాగితం ఫొటో ఫోనులోనూ, ఒక నకలు సంచిలోనూ ఉండాలి. మీరు రోజూ వేసుకునే మందులు చీటీతో సహా క్యాబిన్ సంచిలో పెట్టండి.

భయంతో సర్దే వస్తువులే బరువు. స్పెయిన్‌లో ఆకుపచ్చ శిలువ గుర్తున్న ఫార్మసీ ఓ మోస్తరు ఊళ్లన్నిటా ఉంటుంది. మందుల పెట్టె మొత్తం మోయక్కర్లేదు. నడుం పట్టేసిన రోజున సంచిని తర్వాతి ఊరికి పంపే సేవలు దారంతా ఉన్నాయి, స్పెయిన్ తపాలా శాఖ కొర్రెయోస్ కూడా చేస్తుంది.

దారిలో

సెయింట్ జాన్‌లోని యాత్రికుల కార్యాలయంలో క్రెదెన్సియాల్ అనే యాత్రికుడి పుస్తకం తీసుకోండి. అది ఉంటేనే యాత్రికుల ఆల్బెర్గేల్లో మంచం ఇస్తారు. రోజూ స్టాంపు వేయించుకోవాలి; చివరి 100 కిలోమీటర్లలో రోజుకు రెండు.

మొదటి రోజు నెపోలియన్ దారిలో 25 కిలోమీటర్లలోనే దాదాపు 1,250 మీటర్లు ఎక్కి 1,430 మీటర్ల కనుమ దాటాలి. ఎనిమిదో కిలోమీటరు దగ్గర ఓరిస్సోన్ ఉంది. ముందే మంచం చెప్పుకుని అక్కడ ఆగితే ఆ ఎక్కుడు రెండు రోజుల మీద సర్దుకుంటుంది. దిగులున్నవాళ్లకు ఇది మరీ అవసరం. మనసు ఎక్కడో ఉన్నప్పుడు కాలు తప్పటడుగు వేస్తుంది. మొదటి వారం రోజుకు 20 దాటకండి. పిక్క ముందు ఎముక వెంట నొప్పి, మడమ వెనక స్నాయువు నొప్పి దాదాపు ఎప్పుడూ మొదటి పది రోజుల తొందరకు ఫలితమే. నొప్పి మాత్ర వేసుకుని దూరం పెంచొద్దు, ఒక రోజు ఆగండి. సర్కారీ ఆల్బెర్గేలో సాధారణంగా ఒక్క రాత్రే ఉండనిస్తారు, కాబట్టి విశ్రాంతికి లోగ్రోన్యో, బుర్గోస్, లెయోన్ వంటి ఊళ్లలో చిన్న గది తీసుకోండి.

నీళ్లు మామూలుగా లీటరున్నర. కార్రియోన్ దె లోస్ కోందెస్ దాటాక 17 కిలోమీటర్లు ఊరే ఉండదు, అక్కడ రెండు లీటర్లకు పైన, కొంత తిండి. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా చిన్న ఊళ్లలో దుకాణాలు మూసేస్తారు, ఆదివారం అసలే తెరవరు. శాకాహారులు గుర్తుంచుకోవలసింది: కలగలుపు సలాడ్‌లో అడగకుండానే ట్యూనా చేప వేస్తారు, సిన్ ఆతూన్ అని చెప్పాలి; పప్పు సూపులో చోరిసో మాంసం ముక్కలుంటాయి; బంగాళాదుంప తోర్తియాలో గుడ్డు ఉంటుంది.

ఫోను ఎప్పుడు

రోజుకొక వేళ. ఆల్బెర్గే చేరి, స్నానం చేసి, బట్టలు ఉతికి, ఏదైనా తిన్నాక. పొద్దున ఫోను చేయొద్దు: ఒక చిన్న చిరాకు మాట వింటే ఆరు గంటల నడకంతా అదే నములుతూ పోతారు, దారి చూపే పసుపు బాణం గుర్తు తప్పిపోతారు. నడిచేటప్పుడు ఇంటినుంచి వచ్చే మెసేజీల శబ్దం ఆపేసి, కాగితంలో రాసిన ఇద్దరి నంబర్లకు మాత్రం ఎప్పుడైనా మోగేలా పెట్టండి. రాత్రి పది తర్వాత ఆల్బెర్గే పడక హాల్లో దీపాలు ఆర్పేస్తారు. ఆ ఇద్దరి కాల్‌కు వైబ్రేషన్ పెట్టి ఫోను దిండు కింద పెట్టుకోండి. కొండ లోయల్లో సిగ్నల్ పోతుంది, సాయంత్రం ఫోను ఆలస్యమైతే కంగారు పడొద్దని ఇంట్లో ముందే చెప్పండి. రాత్రి పడుకునేలోగా రాకపోతేనే ఆరా తీయాలి. ఆ రోజు బస చేసే ఆల్బెర్గే పేరు, ఫోను నంబరు పొద్దునే మెసేజీగా పంపడం అలవాటు చేసుకోండి. మీకే ప్రమాదమైతే నంబరు 112.

ఆగి వెళ్లవలసి వస్తే

రైలు స్టేషనున్న ఊళ్లు ముందే గీత గీసి ఉంచుకోండి: పాంప్లోనా, లోగ్రోన్యో, బుర్గోస్, ఫ్రోమిస్తా, సాగూన్, లెయోన్, అస్తోర్గా, పోన్ఫెర్రాదా, సారియా, శాంటియాగో. లెయోన్ నుంచి మాడ్రిడ్‌కు వేగ రైలులో సుమారు రెండు గంటలు. బుర్గోస్ స్టేషన్ ఊరికి దూరంగా ఉంటుంది, బస్సో టాక్సీయో పట్టుకోవాలి. కష్టమైన తావులు రెండు: పాంప్లోనాకు ముందు మూడు రోజులు, పోన్ఫెర్రాదా నుంచి సారియా వరకు ఉన్న కొండలు. అక్కడ రైలు లేదు. ఆల్బెర్గే వాళ్లనో ఊళ్లో బారు వాళ్లనో అడిగితే టాక్సీ పిలుస్తారు. స్పానిష్ రాకపోతే వెళ్లవలసిన ఊరి పేరు, ఇంట్లో అత్యవసరం అన్న మాట ఫోనులో అనువాదం చేసి చూపించండి. దీనికి 150–200 యూరోలు నోట్ల రూపంలో పక్కన ఉంచుకోండి, చిన్న ఊళ్లలో ఏటీఎం ఉండదు.

వెళ్లేముందు ఆఖరి స్టాంపు వేయించుకోండి. క్రెదెన్సియాల్‌కు గడువు లేదు. వచ్చే ఏడాది అదే ఊళ్లో దిగి, అదే పుస్తకంలో తర్వాతి గడిలో స్టాంపు వేయించుకుని నడవవచ్చు.

శాంటియాగో చేరినవాళ్లు ఇంటికి బయల్దేరే ముందు బట్టలన్నీ లాండ్రీ డ్రయ్యర్‌లో బాగా వేడి మీద తిప్పాలి, జబ్బుమనిషి ఉన్న ఇంటికి నల్లులు మోసుకెళ్లకూడదు. కంపోస్తెలా పత్రం రూవా కార్రెతాస్ వీధిలోని యాత్రికుల కార్యాలయంలో ఉచితంగా ఇస్తారు; దూరం రాసిన పత్రానికి వేరే రుసుము ఉంది. జబ్బు వల్ల రాలేని మనిషి కోసమో, చనిపోయినవాళ్ల కోసమో నడిచి ఉంటే పత్రం మీద మీ పేరుతో పాటు విచారియె ప్రో (లాటిన్‌లో ‘వారి బదులుగా’) అని వాళ్ల పేరు కూడా రాస్తారు. పత్రం రాయకముందే ఆ మాట కౌంటర్లో చెప్పాలి. పేరును రోమన్ అక్షరాల్లో కాగితం మీద రాసి చేతికిస్తే తప్పు పడదు.